హాలు వేడి గోడమీది థర్మామీటరుకు అందదు: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. ఎండలు ముదిరాక యాత్రికులు గంటల తరబడి కూర్చునే పెద్ద హాళ్లలో, రేకుల షెడ్లలో ఉక్క ఎంతుందో చూడటానికి మామూలుగా గోడకు ఒక థర్మామీటరు తగిలిస్తారు. అది చెప్పేది గోడ పక్కన జానెడు గాలి సంగతి. హాలు నడుమ చాప పరుచుకున్న పసిబిడ్డ తల్లికి తగిలే గాలి సంగతి దానికి తెలియదు. గాలి ఆడుతోందా లేదా అన్నదానికైతే కొలతే ఉండదు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా అని సరిపెట్టుకోవడమే. కొత్త ఫ్యాన్లకూ కూలర్లకూ డబ్బు పెట్టేముందు, ఈ వేసవిలో ఒక్క హాలులోనైనా ధ్వని తరంగాలతో కొలిపించమని మా విన్నపం. కొలత పరికరాల పని తెలిసినవాళ్లం కాబట్టి, టెండరులో ఏ మాట లేకపోతే ఈ పని చెడుతుందో కూడా రాస్తున్నాం.

గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది. 0 డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, 30 డిగ్రీల దగ్గర 349. పది మీటర్ల ఎడంలో రెండు సెన్సర్లను ఎదురెదురుగా బిగిస్తే, 30 డిగ్రీల గాలిని దాటడానికి శబ్దానికి 28.65 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక డిగ్రీ పెరిగితే 47 మైక్రోసెకన్లు ముందే చేరుతుంది. అంటే ఆ పది మీటర్ల గాలి మొత్తానికీ సగటు వేడి తెలుస్తుంది.

గాలి కదలికకు అదే దారిలో శబ్దాన్ని రెండువైపులా పంపాలి. గాలివాటున పోయేది ముందు చేరుతుంది, ఎదురుగాలిలో వచ్చేది ఆలస్యమవుతుంది. సెకనుకు 10 సెంటీమీటర్ల చిరుగాలికి కూడా రెంటికీ 16 మైక్రోసెకన్ల తేడా కనిపిస్తుంది. రెక్కల గాలిమీటరు అంత మెల్లని గాలికి కదలనే కదలదు. ఇదేమీ మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. పాకాల దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు ధ్వనిని ఆకాశంలోకి పంపి గాలులను కొలిచినవాళ్లే.

ఒక హాలుకు కావలసినవి తక్కువే. ఒకదాన్నొకటి అడ్డంగా దాటే రెండు దారులకు 40 కిలోహెర్ట్జ్ (మన చెవికి వినిపించని ధ్వని) ట్రాన్స్‌డ్యూసర్లు, అంటే ధ్వనిని పంపి అందుకునే సెన్సర్లు నాలుగు, వాటిని నడిపే ఒకే మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్), బయటి విద్యుత్ అలజడి సోకని షీల్డెడ్ కేబుల్, ఒక తేమ సెన్సర్. దూరం కొలవడానికి వాడే చవక బోర్డులు పనికిరావు, వాటి అందుబాటు నాలుగు మీటర్లే. రెండు చివరలనూ వైఫై మీద కలపకూడదు. వైఫై జాప్యం మిల్లీసెకన్లలో ఊగుతుంది, మనం వెతికేది మైక్రోసెకన్లు.

ఎక్కువ చోట్ల తప్పేది దూరం దగ్గర. పది మీటర్లలో ఒక్క సెంటీమీటరు తప్పితే లెక్కలో 0.6 డిగ్రీలు తప్పుతాయి. అందుకని క్లాంపులు కాంక్రీటు స్తంభాలకే బిగించాలి. కప్పు నుంచి వేలాడదీస్తే ఊగుతాయి. రేకుల షెడ్డు ఇనుప చట్రమైతే ఎండకు అదే రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. దూరాన్ని లేజర్ టేపుతో మిల్లీమీటరు వరకు కొలిచి, ఆ అంకెను స్తంభం మీదే రాసిపెట్టాలి.

రెండోది తేమ. వేడిలాగే తేమ కూడా శబ్దం వేగాన్ని పెంచుతుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. 35 డిగ్రీల గాలిలో తేమ 70 శాతం ఉంటే, దిద్దుబాటు చేయని ధ్వని లెక్క దాదాపు 4 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. జనంతో నిండిన హాలులో చెమట, ఊపిరి తేమను పెంచుతాయి కనుక తేమ సెన్సరు తలుపు దగ్గర కాకుండా జనం నడుమ ఉండాలి.

మూడోది సంకేతాన్ని పట్టుకోవడం. 40 కిలోహెర్ట్జ్‌లో ఒక అలకు పట్టే సమయం 25 మైక్రోసెకన్లు. మొదటి అల బలహీనంగా ఉండి రెండోదాన్ని పట్టుకుంటే అర డిగ్రీ పోయినట్టే, ఒక వైపే అలా జరిగితే లేని గాలి సెకనుకు 15 సెంటీమీటర్లు కనిపిస్తుంది. స్థిరమైన టోన్ బదులు పౌనఃపున్యం (సెకనుకు అలల సంఖ్య) మారే చిన్న సంకేతాన్ని పంపి, పంపినదానితో వచ్చినదాన్ని పోల్చి చూస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. మైకులో ప్రకటనలతో ఇబ్బంది లేదు. తాళంచెవుల గుత్తి గలగలలో మాత్రం ఈ పౌనఃపున్యాలు ఉంటాయి. అందుకే నిమిషానికి రెండు మూడు వందల జతల (రెండువైపుల) కొలతలు తీసి వాటిలో నడిమి విలువను ఉంచాలి.

సెన్సర్ల ఎత్తు నేలనుంచి 2.3 మీటర్లయితే నిలబడ్డవాళ్లు అడ్డురారు. సీలింగ్ ఫ్యాను గాలి కిందికి దిగుతుంది, సమతలంలో ఉన్న దారికి అది కనబడదు. కాబట్టి ఒక దారిని ఫ్యాన్ల వరసల మధ్యనుంచి ఏటవాలుగా వేయాలి. కాగిన రేకుల సెగ ధ్వనికి తెలియదు, దానికి నల్లగోళం థర్మామీటరు (సెగను పీల్చే నల్లని బోలు గోళంలో ఉంచినది) ఒకటి జనం మధ్య పెట్టక తప్పదు.

టెండరులో ఈ మాటలు ఉండాలని కోరుతున్నాం. తెర మీద డిగ్రీలొక్కటే చాలవు, రెండువైపుల ప్రయాణ సమయాలు, తేమ, దూరం అన్నీ నమోదై జిల్లా యంత్రాంగం చేతికి రావాలి. అప్పగించే ముందు రాత్రిపూట తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి రెండు గంటలు నడపాలి. అప్పుడు రెండువైపుల సమయాలు ఒకటిగా రావాలి. రాకపోతే తేడా సర్క్యూట్‌లో ఉన్నట్టు, దాన్ని సరిచేయించాకే బిల్లు. తర్వాత ఆ దారి పొడవునా నాలుగు సరిచూసిన థర్మామీటర్లు వేలాడదీసి, వాటి సగటుకు అర డిగ్రీ లోపు వస్తోందో లేదో తిరుపతి ఐఐటీ వారితో చూపించాలి.

ఫ్యాను ఏ వరసలో తక్కువైందో, ఎగ్జాస్టు ఏ వైపు పెట్టాలో ఒక నెల అంకెలతోనే తెలిసిపోతుంది. గంగమ్మ జాతర నాటికి ఆ నెల అంకెలు మీ బల్ల మీద ఉండాలంటే, హాలు ఎంపిక మార్చి మొదటి వారానికి పూర్తవ్వాలి.

భవదీయులు,
తిరుపతి కొలత పరికరాల సాంకేతిక నిపుణులు