చిన్నోడికి ఏం చెప్పాలో అడిగావుగా

ఒరేయ్ మావా,

మొన్న ఫోన్‌లో మీ తమ్ముడు చిన్నోడి సంగతి ఎత్తావు, పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, నాలుగు ముక్కలు చెప్పరా వాడికి అన్నావు, అప్పుడేమో నేను ల్యాబ్ ఎక్స్‌టర్నల్ టెన్షన్‌లో ఉండి ఊఁ ఊఁ అని పెట్టేశాను. ఇవాళ ఖాళీగా కూర్చుంటే బుర్రలో అదే తిరుగుతోంది. వాడి మాట అటుంచి, అసలు పదో తరగతిలో ఆఖరి బెంచీలో కూర్చున్న మనిద్దరి దగ్గరికి ఎవరైనా వచ్చి ఏం చెప్పుంటే బాగుండేదా అని ఆలోచిస్తూ రాయడం మొదలెడితే ఇంత పొడుగొచ్చింది. తీరిగ్గా చదువు.

మన ఊళ్ళో చదువు గురించి సలహాలకి కొదవలేదు కదా, అరుగు మీద కూర్చున్న ప్రతివాడూ ఒకటి పడేస్తాడు. అదే సార్వాకి ఏ రకం వరి వెయ్యాలో తేల్చుకోవాలంటే మీ నాన్నైనా మా నాన్నైనా ఏం చేస్తారు? కిందటేడు ఆ రకం ఎవరు వేశారో వెతుక్కుని వెళ్ళి, ఎకరానికి ఎన్ని బస్తాలు దిగాయి, గాలికి పడిపోయిందా, దోమ పట్టిందా అని అన్నీ అడిగి గానీ విత్తనం కొనరు. పిల్లాడి చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివంతా ఎటు పోతుందో, ఆ దారిలో ఎప్పుడూ నడవనివాడు చెప్పిందే వేదం. చిన్నోడికి నేను చెప్పాలనుకున్నది చాలావరకు ఇదే. ఏ చదువు గురించైనా అది కిందటేడు, అంతకుముందేడు చదివినవాణ్ణి పట్టుకుని అడగమను. వాడు ఎంత సుఖపడ్డాడో, ఎక్కడ ఏడ్చాడో రెండూ అడగమను. మొహమాటం వద్దు. మనవాళ్ళు పెళ్ళిలో జీతం ఎంతని కొత్త అల్లుణ్ణి అడుగుతారు గానీ, ఇంజనీరింగ్‌లో ఎన్ని సబ్జెక్టులు పోయాయిరా అని పక్కింటి అబ్బాయిని అడగరు.

ఈపాటికి పిల్లల్ని చేర్పించుకోడానికి తిరిగే కాలేజీ పీఆర్వోలు మీ ఇంటికి వచ్చేసే ఉంటారు. పరీక్షలు పూర్తికాక ముందే వస్తున్నారట ఈమధ్య. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, మీవాడి బుర్ర మామూలు బుర్ర కాదండీ, మీరు మా దగ్గర చేర్పిస్తే ఫీజులో ఇంత తగ్గిస్తామండీ అని మీ అమ్మగారితో అంటారు. అందరిళ్ళలోనూ అదే మాట అంటారని ఆవిడకి తెలీదు పాపం. వాళ్ళని తప్పుపట్టడం కాదు, అది వాళ్ళ ఉద్యోగం. కానీ ఆ కాగితం మీద ఉండే ర్యాంకుల ఫొటోలు చూసి ఊరుకోకుండా, మన మండలం నుంచి ఆ బ్రాంచిలో చేరినవాళ్ళ పేర్లు ఇమ్మని అడగమను. ఇస్తే వాళ్ళకి ఫోన్ చెయ్యమను. ఇవ్వకపోతే అదీ ఒక జవాబే.

నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీ సంగతి నీకు తెలుసు, పేరెందుకులే. తెల్లారకముందే లేపి స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా మళ్ళీ స్టడీ అవర్, వారం వారం టెస్టు, ఆ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేయడం. పై సెక్షన్లకి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్లకి ఎవరు దొరికితే వాళ్ళు. అక్కడ చదువు రాదని అనను, లెక్కలు నాకు అక్కడే వచ్చాయి. కాకపోతే ‘ఈ రెండేళ్ళు కష్టపడితే జీవితాంతం సుఖం’ అని గోడ మీద రాసి ఉండేది చూడు, అది పచ్చి అబద్ధం. ఇంటర్ అయ్యాక బీటెక్‌లో మిడ్‌లు, ల్యాబ్‌లు, రికార్డులు, 75 శాతం అటెండెన్సు, అంతకి తగ్గితే కండొనేషన్ ఫీజు, ఆ తర్వాత ప్లేస్‌మెంట్లు. సుఖం ఏ బస్సెక్కి వస్తోందో ఇంకా దిగలేదు. పదిహేనేళ్ళవాడికి నిద్ర మానేసి చదవమని చెప్పేవాణ్ణి నమ్మొద్దను. నిద్రలేకుండా చదివింది పొద్దున్నే పేపరు చూసేసరికి గుర్తుండదు, ఇది నా సొంత అనుభవం, మా రూములో అందరిదీ అదే అనుభవం.

ఇక గ్రూపు సంగతి. ఎంపీసీ తీసుకో, దారి పెద్దది అంటారు అందరూ. పెద్దదే. కానీ మన ఇద్దరినే చూడు. నేను ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరు. నువ్వు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమా మూడేళ్ళు, డిప్లొమా అయినవాళ్ళకి పెట్టే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్ళు, మొత్తం ఆరే. నువ్వు పాలిటెక్నిక్‌లో చేరిన రోజు మీ పెదనాన్న మొహం ఎలా పెట్టాడో గుర్తుందా, కొడుకు చదువు మానేసి షెడ్డులో చేరుతున్నట్టు! ఇప్పుడు ఇద్దరం ఒకే ఏడాది చదువుతున్నాం, పైగా నువ్వు లేత్ మీద చెయ్యి పెట్టి వచ్చావు, నేను ఆ మిషన్ని బీటెక్‌లో గానీ చూడలేదు. లెక్కల్లో మొదట్లో నువ్వు కొంచెం ఇబ్బంది పడ్డావు, అదీ నిజమే, వాడికి దాచకుండా చెప్పు. పాలిసెట్ అంటే 120 మార్కులు, రెండు గంటలు, అంతా పదో తరగతి సిలబస్సే, ఇంకా తల వేడిగా ఉన్నప్పుడే రాసెయ్యమను. సీటొచ్చినంత మాత్రాన చేరిపోవాలని లేదుగా.

ఇంకోటి, మీవాడు చదివింది జెడ్పీ హైస్కూలు. నూజివీడు ట్రిపుల్ ఐటీ వాళ్ళు సీట్లిచ్చేది పదో తరగతి మార్కుల మీదే, ప్రభుత్వ బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు, ఆరేళ్ళ కోర్సు. ఫలితాలు రాగానే నోటిఫికేషన్ చూసి దరఖాస్తు పెట్టించు. మన బ్యాచ్‌లో ఒకమ్మాయి అలాగే వెళ్ళింది, ఇంట్లోవాళ్ళు ఇంటర్ ఫీజు గురించి మాట్లాడుకునే అవసరమే రాలేదు. ఆ సంగతి బడిలో ఎంతమందికి తెలుసంటావ్?

వాడికి జీవశాస్త్రం ఇష్టమన్నావు. బైపీసీ అనగానే ఇంట్లో డాక్టరు అని పిలవడం మొదలెడతారు, నీట్ రాకపోతే ఇంక ఎందుకూ పనికిరాడన్నట్టు చూస్తారు. ఒరేయ్, మనం ఉన్నది ఎక్కడ? భీమవరం చుట్టూ చూస్తే చేలకంటే రొయ్యల చెరువులే ఎక్కువ కనబడతాయి, నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లు, హేచరీలు, మేత కంపెనీలు అన్నీ ఇక్కడే. ఫిషరీస్ డిగ్రీ చదివినవాళ్ళకి ఇక్కడ పని లేదంటే నేను నమ్మను. బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది, తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన స్థానం ఉంది. మన నాన్నలు, తాతలు ఏళ్ళ తరబడి వేసిన స్వర్ణ వరి పుట్టింది మార్టేరు వరి పరిశోధన స్థానంలో, 1982లో విడుదలైంది, ఇప్పటికీ ఒడిశా, బెంగాల్ వైపు రైతులు వేస్తారు. ఊళ్ళో దాన్ని 7029 అనే అంటారు గానీ, దాన్ని తయారుచేసింది చదువుకున్న మనుషులేనని, అదీ మన పక్క జిల్లాలోనేనని పదో తరగతిలో మనకి ఎవరైనా చెప్పారా? సెలవుల్లో వాణ్ణి బండెక్కించుకుని ఒకసారి మార్టేరు తీసుకెళ్ళు. అక్కడ పనిచేసేవాళ్ళు ఏం చదివారో వాడే అడుగుతాడు.

ఇంటర్ అయితే పబ్లిక్ పరీక్షల్ని చులకన చెయ్యొద్దని చెప్పు. ఇంజనీరింగ్, అగ్రికల్చర్ సీట్ల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కి (2021 నుంచి పేరు అదే, మా నాన్న ఇంకా ఎంసెట్ అనే అంటాడు) 160 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు రాస్తే మార్కు పోదు, కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు. జేఈఈ మెయిన్ అలా కాదు, తప్పుకి ఒక మార్కు కోస్తారు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంటుంది. మావాళ్ళు కొందరు కోచింగ్ మెటీరియల్ తప్ప ఇంకోటి ముట్టుకోకుండా తెలుగు అకాడమీ పుస్తకాల్ని అట్ట కూడా విప్పకుండా పెట్టారు. సగం జవాబులు అందులోనే ఉంటాయిరా బాబూ.

తర్వాత వెబ్ ఆప్షన్లు, అంటే ర్యాంకు వచ్చాక ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడం. ఇది రాసి వాడి పుస్తకం లోపల అంటించు. రెండేళ్ళు చదివి తెచ్చుకున్న ర్యాంకుని తీసుకెళ్ళి నెట్ సెంటర్ అబ్బాయి చేతిలో పెట్టి, ‘మంచి కాలేజీలు పెట్టు బాబూ’ అని వచ్చేస్తారు. ఆ వరసలో ఏది పైన ఉంటే అదే ముందు చూస్తారు, వరస తప్పితే దొరకాల్సిన సీటు దొరకదు. ముందు రోజే ఇంట్లో కాగితం మీద వరస రాసుకుని, నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎంత ర్యాంకు దగ్గర ఆగిందో పక్కన వేసుకుని, తనే కూర్చుని పెట్టుకోవాలి. సీటు కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వస్తేనే ఫీజు రీయింబర్స్‌మెంట్ అని కూడా చెప్పు, మేనేజ్‌మెంట్ సీటుకి అప్పుచేసి కట్టాక తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు.

మార్కుల గోల ఎంతైనా, పదో తరగతి సర్టిఫికెట్‌తో నాకు ఇప్పటికీ పడుతున్న పని మార్కులది కాదు, పుట్టిన తేదీది, పేరుది. మన కోనసీమ ఇంటిపేర్లు చూస్తివి కదా, స్పెల్లింగు నాలుగు రకాలుగా రాయొచ్చు. ఆధార్‌లో ఒకటి, పదో తరగతిలో ఒకటి, బ్యాంకులో ఇంకోటి ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ప్రతిచోటా ఆపేస్తారు. గల్ఫ్‌కి వెళ్ళొచ్చిన ఇల్లు మీది, పాస్‌పోర్టులో ఒక్క అక్షరం తేడా వస్తే ఎంత తిరగాలో మీ అమ్మగారికి తెలిసినంత నాకు తెలీదు. మార్కుల మెమో చేతికి రాగానే అక్షరం అక్షరం చూసి, తేడా ఉంటే అప్పుడే హెడ్మాస్టరు గారి ద్వారా అర్జీ పెట్టించు. పుట్టుమచ్చలు కూడా సరిచూడు, నవ్వకు.

మరి మార్కులకి విలువే లేదా అంటాడు. ఉంది, కొంతవరకు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావాటికి పది, ఇంటర్, బీటెక్ మూడింట్లో 60 శాతం ఉండాలి. అది దాటాక 540 వచ్చిందా 580 వచ్చిందా అని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఒకవేళ ఏదైనా పేపరు పోయిందే అనుకో, అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది, ఏడాది పోదు. ఫలితాల రోజు మాత్రం నువ్వు ఇంట్లో ఉండు. మీ నాన్నగారు కోపంలో నోరు జారతారు, ఆయన మరచిపోతారు గానీ వీడు మరచిపోడు. ఎంత వచ్చినా ముందు అన్నం పెట్టమని చెప్పు అమ్మకి.

ఇంగ్లీషు. జెడ్పీ నుంచి వెళ్ళినవాడికి మొదటి నెల క్లాసులో ఒక్క ముక్క ఎక్కదు, ఎక్కకపోవడం మామూలే, కొన్నాళ్ళకి అదే అలవాటవుతుంది. గ్రామర్ పుస్తకాలు కొనొద్దు. లేచి నిలబడి తప్పో ఒప్పో ఒక డౌటు అడగడం అలవాటు చేసుకోమను, తెలుగులో అడిగినా పర్లేదు. మా క్లాసులో వైవాకి వణికినవాళ్ళలో కార్పొరేట్ స్కూల్లో ఇంగ్లీషులో చదివినవాళ్ళూ ఉన్నారు, ఎందుకంటే వాళ్ళని కూడా ఎప్పుడూ ఎవరూ మాట్లాడనివ్వలేదు.

ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను గానీ చెప్పాల్సిందే, బెట్టింగ్ యాప్‌లు. సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గర నోట్లు చేతులు మారడం మనం పుట్టినప్పట్నుంచి చూస్తున్నాం కదా, పందెం అంటే మనకి భయం ఉండదు. కానీ బరి దగ్గర పోతే పది మంది చూస్తారు, బాబాయి ఒకడు చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగుతాడు. ఫోన్‌లో లాగేవాడు ఎవడూ లేడు. మా హాస్టల్లో ఒకడు ఐపీఎల్ అయ్యేసరికి పరీక్ష ఫీజు డబ్బులు కూడా పోగొట్టుకుని, లోన్ యాప్‌లో అప్పు తీసుకుని, వాళ్ళు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నింటికీ మెసేజ్‌లు పెడితే గానీ మాకు తెలీలేదు. వాడు మంచివాడు, బాగా చదివేవాడు కూడా. అందుకే చిన్నోడికి నీతులు చెప్పకు, ఆ కథ చెప్పు చాలు.

మిగతావి గబగబా: ఈత రాకపోతే, కాలువలు కట్టేసేలోపు నేర్పించు, డెల్టాలో పుట్టి ఈత రాదంటే సిగ్గు సంగతి అలా ఉంచు, ప్రమాదం. అన్నం, పప్పు వండటం, బట్టలుతుక్కోవడం నేర్పు. ల్యాప్‌టాప్ ఇప్పుడు కొనొద్దు, ఎంత ఏడ్చినా సరే. పాత స్నేహితుల్ని వదలొద్దను, రెసిడెన్షియల్‌లో ఉన్నప్పుడు నీ దగ్గర్నుంచి వచ్చిన ఒక్క ఫోన్ కాల్‌కి నేను ఎంత ఎదురుచూసేవాణ్ణో నీకు తెలీదు, ఇప్పుడు చెప్పాను కాబట్టి ఎగతాళి చెయ్యకు.

వచ్చే ఆదివారం నేను ఊరొస్తున్నా, యానాం బ్రిడ్జి దాటాక ఫోన్ చేస్తా. చిన్నోణ్ణి సాయంత్రం మా ఇంటికి పంపు. నువ్వు మాత్రం రావద్దు, నిజంగానే అంటున్నా, నువ్వు పక్కనుంటే వాడు అన్నిటికీ సరే సరే అంటాడు. వాడు అడగాలనుకున్నవి ముందే ఒక కాగితం మీద రాసుకుని రమ్మను, ఎంత పిచ్చి ప్రశ్నైనా పర్లేదు. నీకేం కావాలో రాత్రికి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

నీ
మావ