చెయ్యి పట్టి నేర్పాల్సిన పని

సంపాదకులు గారికి,

నేను హైదరాబాద్‌లో రేడియాలజిస్టుని, చాలా ఏళ్లుగా జూనియర్లకు స్కానింగ్ నేర్పుతున్నాను. ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఇంట్లో కూర్చునే అల్ట్రాసౌండ్ నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకోండి అనే ప్రకటనలే. ఆన్‌లైన్ పాఠాలంటే నాకు చిన్నచూపేమీ లేదు. 2020లో కోవిడ్ సమయంలో నేనూ అలాగే పాఠాలు చెప్పాను, నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్లు వీడియో ఆపి ఆపి చూసుకోవచ్చు, మెషీన్ సెట్టింగులు, డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే పద్ధతి) సూత్రాలు బాగానే వస్తాయి.

ఆమధ్య జిల్లా నుంచి ఒక డాక్టరమ్మ వచ్చారు. ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేశారు, నేను చూపించిన ప్రతి బొమ్మనీ టక్కున గుర్తుపట్టారు. ఒంటి మీద ఆనించి స్కాన్ చేసే ప్రోబ్ చేతికిస్తే మాత్రం లివర్‌కీ కుడి కిడ్నీకీ మధ్య సందు ఎంతకీ దొరకలేదు, ప్రతిసారీ పక్కటెముక నీడే అడ్డం. ఆవిడ చేతి మీద నా చెయ్యి వేసి ప్రోబ్‌ని రవ్వంత తిప్పి, పేషెంట్‌ని ఊపిరి పీల్చి బిగపట్టమన్నాను, కనపడింది. యాక్సిడెంట్ కేసుల్లో కడుపులో రక్తం చేరిందా అని చూసే ముఖ్యమైన చోటు అది, అక్కడ తడుముకుంటూ కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఆన్‌లైన్‌లో నేర్పేటప్పుడు తెర మీద నాకు బొమ్మ కనపడుతుంది, తప్పు మాత్రం చేతిలో ఉంటుంది. చేతి వైపు ఇంకో కెమెరా పెడితే కొంత నయమే కానీ ఎంత నొక్కుతున్నారో ఏ కెమెరా చెప్పదు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిందా అని చూసే పరీక్షంతా ఆ నొక్కడంలోనే ఉంది, ప్రోబ్‌తో నొక్కితే సిర పూర్తిగా మూసుకోవాలి, మూసుకోకపోతే గడ్డ ఉందని అనుమానించాలి. సరిగ్గా నొక్కకపోతే లేని గడ్డ ఉన్నట్టు కనపడుతుంది.

గర్భిణులకు స్కాన్ చేయాలనుకునే ఎంబీబీఎస్ డాక్టర్లకు లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద 2014లోనే ఆరు నెలల శిక్షణ పెట్టారు. మిగతా స్కానింగ్ కోర్సుల్లో కూడా, దగ్గర సీనియర్ ఉండగా ఎంతమంది పేషెంట్లకు స్కాన్ చేశారో సర్టిఫికెట్ మీద రాయాలి. గాంధీ, ఉస్మానియాల్లో పేషెంట్లకు కొదవలేదు కాబట్టి జిల్లాల డాక్టర్లకు అక్కడ కనీసం రెండు వారాలు ప్రోబ్ పట్టే వీలు కల్పించాలి, థియరీ ముందే ఆన్‌లైన్‌లో చెప్పేయొచ్చు. ఊరికి తిరిగి వెళ్లాక పేషెంట్ పేరు తీసేసి క్లిప్పులు పంపితే మేం ఫోన్లో సరిదిద్దుతాం. ఆ డాక్టరమ్మకు ఇప్పుడు అలాగే చెబుతున్నాను, 'ఇంకొంచెం వెనక్కి వంచండి' అంటే ఎంత వంచాలో ఆవిడకు తెలుస్తోంది.

– ఒక రేడియాలజిస్టు, హైదరాబాద్