చిట్టికి, పుస్తకాల సంచీ వెంట

మలక్‌పేట, హైదరాబాద్
ఆదివారం రాత్రి

చిట్టీ,

పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లొచ్చానే. ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు కదా, ఎండెక్కేదాకా అక్కడే గొంతుక్కూర్చుని ఏరాను. "ఆడవాళ్లు ఏడ్చే నవలలొద్దు, కష్టాల్లో పడి కూడా బతికి చూపించినవాళ్లవి పంపు" అన్నావు ఫోన్లో. ఆ మాట నన్ను వదల్లేదు. దొరికినవి చాలావరకు ఇంగ్లీషువే, ఏమనుకోకు.

ముందు 'పచింకో' తియ్యి. లావు చూసి జడుసుకోకు. జపాన్ ఏలుబడిలో ఉన్న కొరియా నుంచి సున్‌జా 1933లో కడుపుతో ఒసాకా వస్తుంది. కొన్నేళ్లకు మొగుణ్ని పోలీసులు పట్టుకుపోతారు. అప్పుడేం చేస్తుందనుకున్నావ్? క్యాబేజీకి ఉప్పూ కారం పట్టించి, కిమ్చీ జాడీ బండి మీద పెట్టుకుని బజారుకెళ్తుంది. చదువు లేదు, ఊరు తనది కాదు. అయినా గొంతెత్తి అరిచి అమ్ముతుంది. అక్కడ పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను. తాతయ్య పోయాక మా అమ్మమ్మ ఇంటింటికీ ఆవకాయ అమ్మి మా అమ్మను చదివించింది. "మొదటి కేక వేసేదాకానే సిగ్గు" అనేది.

'పింజర్' సన్నటిదే, ఒక్క రాత్రిలో అయిపోతుంది. నిద్ర మాత్రం పట్టదు. దేశవిభజనప్పుడు లాహోర్ వదిలొచ్చిన అమృతా ప్రీతమ్ 1950లో రాసింది. పూరో అనే హిందూ పిల్లను రషీద్ ఎత్తుకుపోతాడు. తప్పించుకుని ఇంటికొస్తే కన్నవాళ్లే ఉండనివ్వరు. మళ్లీ రషీద్ ఇంటికే చేరితే అక్కడ హమీదా అని కొత్త పేరు పెట్టి చేతి మీద పచ్చ పొడుస్తారు. కథ అక్కడే ఆగితే నీకు పంపేదాన్ని కాదు. పురుట్లో పోయిన పిచ్చిదాని బిడ్డను ఆ పూరోనే ఎత్తుకొచ్చి సాకుతుంది. తోడబుట్టినవాడి భార్య లాజోను విభజన గొడవల్లో ఎవడో ఎత్తుకుపోతే, వెతికి పట్టుకుని, బయటకు తెస్తుంది. చివర్లో తోడబుట్టినవాడు రమ్మని బతిమాలినా తను మాత్రం వెళ్లదు. దాని మీద మా ఆయనకూ నాకూ రెండు రోజులు వాదన! నువ్వేమంటావో వినాలి.

'చిల్లర దేవుళ్లు' మీ ఇంట్లో ఉంది కదా, మళ్లీ తీసి చదువు. దాశరథి రంగాచార్యులు 1969లో రాసింది. ఈసారి దొరను పక్కన పెట్టి ఆడబాపను చూడు. నైజాం రోజుల్లో దొరబిడ్డతో పాటు అత్తారింటికి పంపే దాసీపిల్ల. మనూరి గడీ గోడ పక్కన ఎన్ని సెలవులు ఆడుకున్నామో! లోపల ఎవరెవరు బతికారో ఒక్కరూ చెప్పలేదు మనకు.

పాపకు 'నంబర్ ది స్టార్స్' వేరుగా చుట్టి పెట్టాను. 1943, కోపెన్‌హాగెన్. పదేళ్ల అన్నెమారీ ఇంట్లో యూదు స్నేహితురాలు ఎలెన్ దాక్కుంటుంది. జర్మన్ సైనికులు వస్తే ఎలెన్ మెడలో యూదుల నక్షత్రం ఉన్న గొలుసును అన్నెమారీ పుటుక్కున తెంచి పిడికిట్లో బిగిస్తుంది. వాళ్లు పోయాక చూస్తే అరచేతిలో నక్షత్రం అచ్చు! పిల్లలు కల్పితమే. ఆ ఏడాది డెన్మార్క్ జనం సుమారు 7,000 మంది యూదులను పడవల్లో స్వీడన్‌కు దాటించడం మాత్రం నిజం. 'పింజర్' పాపకు ఇప్పుడే ఇవ్వకు.

సంచీ అడుగున ఆవకాయ సీసా కూడా ఉంది. పుస్తకాలకు నూనె అంటకముందే బయటకు తియ్యి.

నీ
బుజ్జి