తూము దాకా ఒకసారి రండి: ఆచే నుంచి బుపాతి (జిల్లా పాలనాధిపతి) గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఇండోనేసియాలోని ఆచేలో, మీ జిల్లాలోని ఒక గాంపోంగ్‌లో (అంటే ఊళ్లో) రెండేళ్లుగా ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడి పిల్లకాలువ తూము విరిగి రెండు పంటకాలాలైంది. రోజూ తెల్లారేసరికి కెజ్రువన్ బ్లాంగ్ (మా వైపు నీరుగంటి లాంటి మనిషి) మట్టి నింపిన ఎరువుల సంచులు అడ్డం వేసి నీళ్లు మళ్లిస్తాడు. మధ్యాహ్నానికి అవి కొట్టుకుపోతాయి. గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ణి, ఈ గొడవ నాకు కొత్తేం కాదు. శివారు మళ్లలో నారు ఎర్రబారింది. అవన్నీ మావాహ్ పొలాలు, అంటే పంటలో వాటా ఆసామికి పోగా మిగిలిందే దున్నినవాడికి. ఇప్పుడు వాళ్లు పోకకాయలు రోడ్డువార ఎండబెట్టి అమ్ముకుంటున్నారు.

2005లో ప్రభుత్వానికీ ఆచే తిరుగుబాటుదారులకూ కుదిరిన ఒప్పందంతో తుపాకుల మోత ఆగింది. 2015 నుంచి ఊరికి నిధులూ వస్తున్నాయి. కానీ ఆ తూము తన చేతిలో లేదంటాడు గెచిక్ (ఊరి పెద్ద). మీకు పెట్టిన అర్జీలకు జవాబు లేదు.

నాట్లకు ముందు ఖండూరి బ్లాంగ్ విందుకు రండి. భోజనం అయ్యాక గట్టు వెంబడి తూము దాకా పది నిమిషాల నడక. చెప్పులు మాత్రం చేత్తో పట్టుకోవాలి.