జావా ల్యాబుల్లో బిల్డ్, డిప్లాయ్‌మెంట్ కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజినీరింగ్, ఎంసీఏ విద్యార్థులు ఏటా చేసే ప్రాజెక్టుల్లో జావా వెబ్ అప్లికేషన్లకు కొదవ లేదు. అయితే వాటిలో చాలావరకు ప్రోగ్రాములు రాసే ఎక్లిప్స్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే నడిచేవే తప్ప, సోర్స్ కోడ్ తెచ్చుకుని, తామే బిల్డ్ చేసి (అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చి), కొత్తగా లినక్స్ వేసిన సర్వర్ మీద డిప్లాయ్ చేసి నడిపించినవి అరుదు. ఉద్యోగంలో చేరగానే మీద పడే ఈ పనిని మన కళాశాలల ల్యాబుల్లోనే నేర్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇందుకు డీస్పేస్ చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. ఎంఐటీ గ్రంథాలయాలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో విడుదల చేసిన ఈ డిజిటల్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ సోర్స్ అందరికీ ఉచితం. లోకల్ డాట్ సీఎఫ్‌జీ అనే సెట్టింగుల ఫైల్లో డేటాబేస్ వివరాలు రాసి, మావెన్ అనే బిల్డ్ సాధనంతో ప్యాకేజీ చేసి, యాంట్ అనే మరో సాధనంతో ఇన్‌స్టాల్ చేసి, అలా తయారైన సర్వర్ ఫోల్డర్‌ను జావా వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్‌లోని వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసేసరికి, తరగతిలో విడివిడిగా విన్న పాఠాలన్నీ విద్యార్థికి ఒకదానితో ఒకటి ముడిపడి కనిపిస్తాయి.

చిక్కులు ఎక్కువగా వచ్చేది వెర్షన్ల దగ్గర. డీస్పేస్ 7కు టామ్‌క్యాట్ 9 కావాలి. కొత్తది కదా అని టామ్‌క్యాట్ 10 పెడితే, అందులో జావా వెబ్ కోడ్ వాడుకునే జావాఎక్స్ ప్యాకేజీల పేర్లు జకార్తాగా మారిపోయినందువల్ల, టామ్‌క్యాట్ మామూలుగానే మొదలవుతుంది గానీ అప్లికేషన్ పనిచేయదు. బ్రౌజర్‌లో 404 (పేజీ దొరకలేదు) అన్న సందేశం కనిపిస్తుంది, లాగ్ చూసినా కారణం తేలికగా దొరకదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ సృష్టించేటప్పుడే అక్షరాల ఎన్‌కోడింగ్ యూనికోడ్ అని చెప్పడం కూడా తప్పనిసరి, లేకుంటే తెలుగు శీర్షికలు సరిగా నిలవవు. ఇటువంటివి పరీక్ష కోసం బట్టీపట్టి నేర్చుకునేవి కావు.

ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందన్న కారణంతో ఈ పనిని పక్కన పెడుతున్నారు. తొలి బిల్డ్‌లో మావెన్ వందల కొద్దీ జార్ ఫైళ్లను (సిద్ధంగా ఉన్న జావా కోడ్ కట్టలను) దింపుకుంటుంది కాబట్టి, ల్యాబులోని యంత్రాలన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏ ఒక్కటీ ముందుకు కదలదన్నది నిజమే. కానీ ఒక యంత్రంలో బిల్డ్ పూర్తిచేసి, అలా దింపుకున్న ఫైళ్లుండే డాట్ ఎం2 ఫోల్డర్‌ను ల్యాబు నెట్‌వర్క్ ద్వారా మిగతా వాటికి కాపీ చేస్తే, అవి ఆఫ్‌లైన్‌లోనే బిల్డ్ అవుతాయి.

కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి, పాత పత్రికల్లో చెదిరిపోయిన కథలను ఒకచోట చేర్చారు. మన కళాశాలల పాత వార్షిక సంచికలు మాత్రం నేటికీ బీరువాల్లో చెదల పాలవుతున్నాయి. వాటిని స్కాన్ చేసి, విద్యార్థులు స్వయంగా నిలబెట్టిన డీస్పేస్‌లోకి ఎక్కించడాన్నే చివరి సంవత్సరం ప్రాజెక్టుగా అంగీకరించాలని రెండు జిల్లాల ప్రిన్సిపాళ్లకు మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను. ఇందుకు కొనవలసిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. మెమరీ కాస్త ఎక్కువగా ఉన్న ఒక కంప్యూటర్‌ను గ్రంథాలయానికి కేటాయిస్తే వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
విజయనగరం