సత్తిబాబుకి, సర్వే సంగతి

పాలకొల్లు

ఒరేయ్ సత్తీ,

నువ్వు పంపిన ప్రశ్నల కాయితం అందింది. అందులో "మొన్నటి ఎన్నికల్లో ఓటుకి డబ్బు తీసుకున్నారా?" అన్న ప్రశ్న చూసి మా ఆవిడ ఒకటే నవ్వు. ఏరా, హైదరాబాదు వెళ్ళి మన జనం సంగతి మర్చిపోయావా? గోదావరి లంకల్లో ఏ గుమ్మం ముందైనా నిలబడి ఆ మాట అడిగి చూడు. "అబ్బే, మేం అలాంటోళ్ళం కాదండి" అంటారు, అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరిబొండం కొట్టిస్తారు, నువ్వు వీధి మలుపు తిరిగేలోపు ఏ పార్టీ మనిషివో తేల్చేస్తారు. అబద్ధమాడాలని కాదు. ఎదుటివాడికి ఏది వినాలనుందో కనిపెట్టి అదే చెప్పడం మనవాళ్ళ మర్యాద. "రోడ్లు బాగున్నాయాండి?" "ఆయ్, బాగున్నాయండి." "గోతులున్నాయంటున్నారే?" "ఆయ్, అదీ నిజవేనండి."

ఇలాంటి చోట సూటిగా అడిగితే వచ్చేది మర్యాదే తప్ప అభిప్రాయం కాదు. అందుకే ప్రశ్నలోనే ప్రయోగం పెట్టాలి. లిస్ట్ ఎక్స్‌పెరిమెంట్ అని ఒకటుంది, నీ పనికి అదే సరిపోతుంది. అడగబోయేవాళ్ళని లాటరీ తీసి రెండు సగాలు చెయ్యి. మొదటి సగానికి నాలుగు సంగతులు చదివి వినిపించు: పార్టీవాళ్ళు కరపత్రం ఇచ్చారు, ఆటోకి మైకు కట్టి మీ వీధిలో తిప్పారు, మిమ్మల్ని మీటింగుకి పిలిచారు, అభ్యర్థి మీ ఇంట్లో భోంచేశాడు. ఏవి జరిగాయో చెప్పక్కర్లేదండి, ఎన్ని జరిగాయో అంకె చెప్పండి చాలు అను. రెండో సగానికి అవే నాలుగూ, వాటి మధ్యలో ఐదోది: ఓటు కోసం డబ్బో చీరో సీసానో ఇవ్వజూపారు. "మూడండి" అన్నాయన లెక్కలో ఆ ఐదోది, అదే డబ్బు కవరు, ఉందో లేదో నీకూ తెలీదు, పక్కన చెవులు రిక్కించుకుని కూర్చున్న ఆయన బావమరిదికీ తెలీదు. కానీ మొదటి సగం సగటు 1.9, రెండో సగం సగటు 2.3 వచ్చిందనుకో, ఆ 0.4 ఎక్కడిది? ఐదో సంగతిదే. అంటే నూటికి నలభై మంది ఇంటికి కవరు వెళ్ళిందన్నమాట. (ఈ అంకెలు నీకు లెక్క అర్థం కావడానికి వేసినవి. రిపోర్టులో ఎక్కించేసేవు!)

అభ్యర్థి భోజనం ఊరికే పెట్టలేదురా. నాలుగూ అందరికీ జరిగేవే పెడితే, కవరు అందినవాడు "ఐదు" అనాల్సొస్తుంది, అక్కడితో గుట్టు రట్టు. అరుదుగా జరిగేది ఒకటి ఉండి తీరాలి.

ఇది నా కల్పన కాదు. మధ్య అమెరికాలో నికరాగ్వా అనే దేశంలో 2008 మునిసిపల్ ఎన్నికల తర్వాత సరిగ్గా ఇదే చేశారు. సూటిగా అడిగితే ఓటు కోసం ఏదో ఇవ్వజూపారని ఒప్పుకున్నది 2 శాతం. లిస్టు పద్ధతిలో తేలింది 24 శాతం. అడిగే తీరు మారేసరికి అంత తేడా!

దీని బలమంతా లాటరీలో ఉంది. నీ కుర్రాళ్ళు ఎండకి బద్ధకించి ఒక కాయితం భీమవరం చెరువుల రైతులకీ, రెండోది రాజోలు కొబ్బరి దింపు కూలీలకీ ఇచ్చేశారనుకో, వచ్చిన తేడా కవరుదా, మనుషులదా? ఎవడూ తేల్చలేడు.

మాట కూడా అంతే ముఖ్యం. అమెరికాలో డొనాల్డ్ రగ్ అనే ఆయన 1941లోనే చూపించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు ఇవ్వనివ్వాలా అంటే వద్దన్నవాళ్ళు చాలామంది. అవే ఉపన్యాసాలు నిషేధించాలా అంటే అవునన్నవాళ్ళు అంతకంటే బాగా తక్కువ. నీ కాయితంలో "వరి చేల మధ్య రొయ్యల చెరువులు నిషేధించాలా?" అని ఉంది చూడు, సగం మందిని "తవ్వనివ్వాలా?" అని అడిగించు. ఆ తేడా చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం బెంగాల్లో బీర్భూమ్ జిల్లాలో చేసిన ప్రయోగం. 2009లో అచ్చయింది. చేసినవాళ్ళలో తర్వాత నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో కూడా ఉంది. నాయకుడి ప్రసంగం ఒకటే, కొందరికి మగ గొంతులో, కొందరికి ఆడ గొంతులో వినిపించి మార్కులేయమన్నారు. ఆడ ప్రధాన్‌ని (అక్కడ పంచాయతీ ప్రెసిడెంటుని అలా అంటారు) ఎప్పుడూ చూడని ఊళ్ళలో మగవాళ్ళు ఆడ గొంతుకి తక్కువేశారు. రిజర్వేషన్ వల్ల ఆడవాళ్ళు కుర్చీ ఎక్కిన ఊళ్ళలో ఆ తక్కువ పోయింది. చిత్రం ఏంటంటే, మగ నాయకుడే కావాలన్న ఇష్టం మాత్రం పోలేదు! పని చేయగలదని ఒప్పుకుంటారు, అయినా మనసు ఒప్పుకోదు. మా పక్కూళ్ళో ప్రెసిడెంటు గారంటే కుర్చీలో ఆవిడ, మాట్లాడేది ఆయన. అక్కడ ఆవిడ గొంతు ఊరివాళ్ళు విన్నట్టు లెక్కా, కాదా? బీర్భూమ్ లెక్క అలాంటి చోట నిలబడుతుందా అని నాకు అనుమానమే. నువ్వు చేస్తానంటే నేనూ వస్తా.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో చేసిన ప్రయోగం మాత్రం ఇక్కడ తలపెట్టకు. 2006 ప్రైమరీకి (పార్టీ అభ్యర్థుల్ని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక) ముందు కొన్ని ఇళ్ళకి ఉత్తరాలు పంపారు: ఇదివరకు మీరూ మీ ఇరుగుపొరుగూ ఎవరెవరు ఓటేశారో ఇదిగో, ఎన్నికలయ్యాక మళ్ళీ పంపుతాం అని. ఏ ఉత్తరమూ అందనివాళ్ళలో 29.7 శాతం ఓటేస్తే, అది అందినవాళ్ళలో 37.8 శాతం వేశారు. సిగ్గుకి అంత బలం. మన దగ్గర ఆ కాయితం పంచితే పోస్టుమ్యాన్‌ని రావిచెట్టుకి కట్టేస్తారు.

ఇక డబ్బు సంగతి. లిస్టు పద్ధతికి మనుషులు ఎక్కువ కావాలి. రెండు సగటుల తేడా కదా, వంద మందిని అడిగితే అంకె అటూ ఇటూ ఊగిపోతుంది. నీ బడ్జెట్టు చాలకపోతే ప్రశ్నలు తగ్గించు, మనుషుల్ని తగ్గించకు. ఇంకోటి, రెండు కాయితాలూ రెండు రంగుల్లో వేయించకు. సాయంత్రానికి టీకొట్టు దగ్గర పచ్చ కాయితంలో కవరుందటరా అని తెలిసిపోతుంది. కుర్రాళ్ళని కూడా ఆ ఊరివాళ్ళని ఆ ఊరికి పంపకు. కోతలయ్యేదాకా ఎవరూ ఇంట దొరకరు, సంక్రాంతి తర్వాత పెట్టుకో. వచ్చే ముందు ఫోన్ చెయ్యి, పులస టైము కాదు గానీ కొర్రమీను ఉంటుంది.

నీ
సూరి