సిస్టర్‌గారూ, మీ పేరు అడగడం మర్చిపోయాను

నిన్న రాత్రి పాపతో ఇంటికొచ్చాం. ఏడు వారాల పిల్ల, ఫ్లూతో మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు జ్వరం లేదు, పాలు తాగుతోంది, ఎగశ్వాస తగ్గింది. నాకే నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

నేను దణ్ణం పెట్టాల్సిన మనిషి ఎవరో కూడా నాకు తెలియదు. ఏడో నెలలో ఫ్లూ టీకాకి వెళ్తే ఇక్కడ కాదు అక్కడంటూ మూడు కౌంటర్లు తిప్పారు. చివరి గదికి చేరేసరికి అక్కడి సిస్టర్‌గారు డ్యూటీ దిగి, సంచి భుజాన వేసుకుని తలుపేస్తున్నారు. నా మొహం చూశారు, పొట్ట చూశారు. మాట్లాడకుండా సంచి దించి మళ్లీ తలుపు తీశారు.

బిడ్డకేమైనా అవుతుందేమోనని నా భయం. "ఇందులో ఉన్నది చచ్చిన వైరస్సే అమ్మా, దీనివల్ల ఫ్లూ రాదు. ముక్కులో కొట్టే రకం వేరు, అది గర్భిణులకి ఇవ్వం" అన్నారు. "ఆరు నెలలు నిండేదాకా పిల్లలకి ఈ టీకా వేయరు. అందాకా నీ రక్తంలోంచి మాయ దాటి వెళ్లిన, రోగాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలే దిక్కు. అవి తయారవడానికి రెండు వారాలు పడుతుంది, నీకింకా టైముందిలే."

సూది అయ్యాక ఎందుకో ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ దూది నొక్కిన చెయ్యి తీయలేదు. రక్తం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అయినా తీయలేదు.

టీకా వేయించుకున్నా పిల్లలకి ఫ్లూ రావచ్చు, ముదిరే ప్రమాదం మాత్రం తగ్గుతుందన్నారు డాక్టరుగారు. మా పాపని గట్టెక్కించింది అదేనని నేను రుజువు చేయలేను. కానీ ఆ మూడు రాత్రులూ నా జబ్బ మీద ఆవిడ చెయ్యి ఉన్నట్టే ఉంది.

అమ్మా, అత్తయ్యా, మీకు వేరే చెప్పాలా. ఆయనకీ థాంక్స్, ఆ దగ్గు ఇంటికి మోసుకొచ్చింది తనే అయినా. అది తర్వాత తేల్చుకుంటాం.

ఒక్కటి మాత్రం మింగుడు పడట్లేదు. తొమ్మిది నెలలూ ఒక్క చెకప్ తప్పలేదు. బరువు, బీపీ, ఐరన్ మాత్రలు, ధనుర్వాతం సూది, అన్నీ అయ్యాయి. ఫ్లూ మాట ఒక్కరూ ఎత్తలేదు. ఇంట్లో మిగతావాళ్లూ వేయించుకోవాలని అసలే చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే ఈ టీకాలో గర్భిణులకి మొదటి ప్రాధాన్యం ఇవ్వమంది కదా! వదిన ఫోన్లో చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. వదినా, థాంక్స్.

అయ్యో, పక్క మంచం అమ్మగారూ! నేను కునుకు తీస్తే మా పాప ఊపిరి లెక్కపెట్టింది మీరే. అర్ధరాత్రి ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీసిన ల్యాబ్ అబ్బాయీ, పాపకంటే నువ్వే ఎక్కువ వణికావు. పై ఇంటి అన్నయ్యగారూ, మీ కారు తాళం ఇంకా మా దగ్గరే ఉంది, పొద్దున్నే తెచ్చిస్తాం.